ఇంకు ఖర్చు తక్కువయ్యే ప్రింటర్‌ను ఇంటికి ఎంచుకోవడం ఎలా

జూన్‌లో బడులు తెరిచిన వారం. రాత్రి తొమ్మిదిన్నరకు మా పాప బ్యాగు సర్దుకుంటూ, "అమ్మా, రేపటి సైన్స్ ప్రాజెక్టుకు ఆరు బొమ్మలు కలర్‌లో కావాలి" అంది. తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధి చివర ఉండే జెరాక్స్ అంగడి అప్పటికే షట్టర్ దించేసింది. ఆ ఆదివారమే పోయి ఒక ప్రింటర్ కొన్నాం. నాలుగు వేల లోపే వచ్చింది. చిన్నది, బల్ల మీద ముద్దుగా ఉంది. నెలన్నర తిరగకముందే నలుపు కాట్రిడ్జ్ అయిపోయింది. కొత్తది కొనబోతే దాని ధర ప్రింటర్ ధరలో దాదాపు నాలుగో వంతు. రంగుల కాట్రిడ్జ్ ఇంకా ఎక్కువ. ఏడాది తిరిగేసరికి మేం కాట్రిడ్జ్‌లకు పెట్టిన డబ్బు ప్రింటర్‌కు పెట్టిన డబ్బును దాటిపోయింది. చివరికి పిల్లలు ప్రింట్ అడిగితేనే నాకు టెన్షన్ వచ్చేది. ప్రింటర్ ఇంట్లో పెట్టుకుని, వాళ్ళను మళ్ళీ అంగడికే పంపేవాళ్ళం.

రెండోసారి అలా కొనలేదు. ముందు నెల రోజులు లెక్క రాసుకున్నాం, తర్వాత అంగళ్ళు తిరిగాం. అప్పుడు కొన్న ప్రింటర్ నాలుగేళ్ళుగా నడుస్తోంది. ఏ పని తర్వాత ఏ పని చేయాలో అదే వరసలో ఇక్కడ చెప్తున్నాను.

1. ఒక నెల పాటు పేజీలు రాసుకోండి

క్యాలెండర్ పక్కన ఒక కాగితం అంటించండి. ఇంట్లో ఎవరు ఏ ప్రింట్ తీయించుకున్నా తేదీ వేసి, నలుపు ఎన్ని, రంగు ఎన్ని, ఫోటో ఎన్ని అని రాయమనండి. ప్రింటర్ ఇంకా లేదు కాబట్టి అంగట్లో తీయించినవే రాయాలి. అంగడికి పోలేక వదిలేసినవి కూడా రాయండి, ఎందుకంటే ప్రింటర్ ఇంటికొస్తే ముందు పెరిగేవి అవే.

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు ఇంకో వరస కూడా కావాలి. చుట్టాలు దర్శనానికి వస్తారు. రైలు దిగకముందే మూడు వందల రూపాయల దర్శనం టికెట్ పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపి, "అక్కా, ప్రింట్ తీసి పెట్టు, ఆధార్ కాపీలు కూడా తలా రెండు" అంటారు. ఒక్కో కుటుంబానికి పది పన్నెండు పేజీలు అలాగే పోతాయి. వాళ్ళు మనింటికి వచ్చేది కొండకు పోవడానికి కాబట్టి కాదనలేం, కాదనకూడదు కూడా. లెక్కలో మాత్రం చేర్చండి.

మా ఇంట్లో ఆ జూన్ నెలకు 94 పేజీలు తేలాయి. నలుపు 61, రంగు 33. అంతకుముందు మే నెలలో, పిల్లలు అమ్మమ్మ ఊరికి పోయినప్పుడు, మొత్తం కలిపి 11 దాటలేదు. ఈ రెండో సంఖ్య కూడా ముఖ్యమే. ప్రింటర్ ఎన్ని రోజులు ఊరకే కూర్చుంటుందో అది చెప్తుంది. దాని సంగతి ముందుకు పోయాక చెప్తాను.

2. మూడు రకాలను విడదీసి చూడండి

అంగట్లో పాతిక ముప్పై ప్రింటర్లు వరసగా పెట్టి ఉంటాయి. ఇంటికి పనికొచ్చేవి అన్నీ మూడు రకాల్లోకి వస్తాయి.

మొదటిది కాట్రిడ్జ్ ఇంక్‌జెట్. ప్రింటర్ చవక, ఇంకు ఖరీదు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలో కొన్ని మిల్లీలీటర్ల ఇంకే ఉంటుంది. చిన్న సైజు నలుపు కాట్రిడ్జ్ 100 నుంచి 200 పేజీల లోపే ఇస్తుంది. రంగుల కాట్రిడ్జ్‌లో మూడు రంగులు ఒకే డబ్బాలో ఉంటాయి. పసుపు ఒక్కటి అయిపోయినా మొత్తం డబ్బా మార్చాల్సిందే.

రెండోది ఇంక్ ట్యాంక్. ప్రింటర్ పక్కనో ముందో నాలుగు చిన్న తొట్లు ఉంటాయి, ఇంకు సీసాలతో పోసుకోవాలి. ఎప్సన్ ఎకోట్యాంక్, కెనాన్ జీ సిరీస్, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్, బ్రదర్ టీ సిరీస్ ఈ రకమే. ప్రింటర్ ధర కాట్రిడ్జ్ రకానికి మూడు రెట్ల దాకా ఉంటుంది. ఒక్కో సీసా మాత్రం వేల పేజీలు ఇస్తుంది.

మూడోది లేజర్. ఇందులో ఇంకు ఉండదు, టోనర్ అనే సన్నటి పొడి ఉంటుంది. ఇంటి బడ్జెట్‌లో దొరికేవి నలుపు ఒక్కటే వేస్తాయి. రంగుల లేజర్ ఇంటికి వద్దనే అంటాను. దాని నాలుగు టోనర్ల ధర విన్నాక మీరూ అదే అంటారు.

3. పేజీకి ఎంత పడుతుందో మీరే లెక్కేయండి

అన్నిటికంటే పెద్ద పని ఇదే. అంగట్లో చాలామంది ప్రింటర్ ధర అడిగి, వైఫై ఉందా అని అడిగి, బిల్లు వేయించుకుంటారు. మీరు ఇంకో రెండు విషయాలు అడగాలి. దీనిలోకి పోసే ఇంకు లేదా టోనర్ ధర ఎంత? అది ఎన్ని పేజీలు వస్తుంది? మొదటి సంఖ్యను రెండో సంఖ్యతో భాగించండి. అదే పేజీ ఖర్చు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

కింద నేను వేసిన ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీరు కొనే రోజున ఉన్న ధరలు పెట్టి మళ్ళీ వేయండి.

చిన్న నలుపు కాట్రిడ్జ్ 900 రూపాయలు, 120 పేజీలు అనుకుందాం. పేజీకి ఏడున్నర రూపాయలు.

ఇంక్ ట్యాంక్‌కు నలుపు సీసా 450 రూపాయలు అనుకుందాం. ఎప్సన్ ఎల్ 3210, ఎల్ 3250 లాంటి వాటికి వాడే 003 నలుపు సీసాలో 65 మిల్లీలీటర్లు ఉంటుంది, కంపెనీ చెప్పే లెక్క 4,500 పేజీలు. పేజీకి పది పైసలు. రంగుకు ఆ కంపెనీ చెప్పేది 7,500 పేజీలు. అయితే అది ఒక్క సీసాకు చెప్పింది కాదు, నీలం, గులాబి, పసుపు మూడూ కలిపి చెప్పింది. ఒక్కోటి 350 చొప్పున మూడు సీసాలు 1,050 రూపాయలు, పేజీకి 14 పైసలు. రంగు పేజీలో నలుపు కూడా కొంత పడుతుంది కాబట్టి పావలా అనుకోండి.

లేజర్‌లో రెండు లెక్కలు వస్తాయి. చాలా ఇళ్ళలో, ఆఫీసుల్లో కనిపించే హెచ్‌పీ 88ఏ టోనర్ 1,500 పేజీలు, 12ఏ టోనర్ 2,000 పేజీలు ఇస్తాయి. కంపెనీ టోనర్ 4,500 రూపాయలు పెట్టి కొంటే 88ఏ మీద పేజీకి మూడు రూపాయలు. అదే డబ్బాలో పొడి నింపించుకుంటే 300 రూపాయలకు పని అవుతుంది, పేజీ ఇరవై పైసలకు దిగుతుంది. లేజర్ కొనాలనుకుంటే ఆ మోడల్ టోనర్ మన ఊళ్ళో నింపుతారా అని కొనకముందే కనుక్కోండి. కొన్ని కొత్త మోడళ్ళ టోనర్‌కు చిప్ ఉంటుంది. పొడి నింపినా చిప్ మార్చకపోతే ప్రింటర్ ఖాళీ అనే చెప్తుంది.

కంపెనీలు చెప్పే ఈ పేజీల సంఖ్యను గుడ్డిగా నమ్మవద్దు, అబద్ధమని కొట్టేయనూ వద్దు. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కొన్ని నమూనా పేజీలను ఆపకుండా ప్రింట్ చేసి చూసిన లెక్క అది. నలుపు అక్షరాల పేజీ అంటే కాగితంలో నూటికి ఐదు వంతుల చోటు మీదే ఇంకు పడిందని స్థూలంగా అనుకోవచ్చు. ఒక ఉత్తరం, ఒక దరఖాస్తు అలాగే ఉంటాయి. మా బాబు సంక్రాంతికి రంగుల ముగ్గు నిండు పేజీ ప్రింట్ తీసుకుంటే అది పది దరఖాస్తుల ఇంకు తాగుతుంది. బడి పిల్లలున్న ఇల్లయితే కంపెనీ చెప్పిన సంఖ్యలో సగమే వస్తుందని వేసుకోండి. సగం వేసినా ట్యాంక్ నలుపు పేజీ ఇరవై పైసలే. కాట్రిడ్జ్‌ను సగం చేస్తే పదిహేను రూపాయలు.

ఇంకో మాట. కొత్త ప్రింటర్‌తో వచ్చే కాట్రిడ్జ్, టోనర్ చాలాసార్లు నిండుగా ఉండవు, మొదట్లో వాడుకోవడానికి కొంత ఇచ్చినవి. ఇంక్ ట్యాంక్‌తో వచ్చే మొదటి సీసాల్లోనూ కొంత ఇంకు పైపులను నింపడానికే పోతుంది. "ఇంకు త్వరగా అయిపోయింది, మోసం" అనుకోవద్దు. రెండో సీసా నుంచి అసలు లెక్క తెలుస్తుంది.

4. జెరాక్స్ అంగడితో పోల్చండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. మా వీధిలో నలుపు ప్రింట్ మూడు రూపాయలు, రంగు పది. యూనివర్సిటీ దగ్గర విద్యార్థులకు ఇంకా తక్కువకే వేస్తారు. మీ దగ్గర ఎంతో అది పెట్టుకోండి.

కాగితం ఖర్చు కూడా చేర్చాలి. 500 కాగితాల ఎ4 రీమ్ 300 రూపాయలు అనుకుంటే ఒక్కో కాగితం అరవై పైసలు. అంటే ఇంక్ ట్యాంక్ ఇంట్లో ఇంకు కంటే కాగితానికే ఎక్కువ పోతుంది.

కాట్రిడ్జ్ ప్రింటర్: ఏడున్నర, అరవై పైసలు కలిపి ఎనిమిది రూపాయల పది పైసలు. అంగట్లో మూడు. ప్రింటర్ ఊరికే ఇచ్చినా ప్రతి నలుపు పేజీకి ఐదు రూపాయలు ఎదురు పెడుతున్నట్టే. మొదటి ఏడాది మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే.

ఇంక్ ట్యాంక్: నలుపు పేజీ డెబ్భై పైసలు, మిగిలేది రెండు రూపాయల ముప్పై పైసలు. రంగు పేజీ ఎనభై ఐదు పైసలు, మిగిలేది తొమ్మిది రూపాయల పదిహేను పైసలు. ప్రింటర్ 12,000 అనుకోండి. నెలకు 60 నలుపు పేజీలు మాత్రమే తీసే ఇంటికి నెలకు మిగిలేది 138 రూపాయలు. ప్రింటర్ డబ్బు తిరిగి రావడానికి ఏడేళ్ళు దాటుతుంది. అదే మా జూన్ నెల లెక్కన, 61 నలుపు, 33 రంగు అయితే నెలకు 442 రూపాయలు మిగులుతుంది, అంటే 27 నెలలు. రంగు పేజీలే ఇక్కడ తేడా తెచ్చాయి.

కాబట్టి నెలకు ఇరవై నలుపు పేజీలు దాటని ఇంటికి, వీధి చివర అంగడి ఉంటే, ప్రింటర్ వద్దు. డబ్బు వృథా. రాత్రిపూట అవసరాలు, చంటిబిడ్డను వదిలి బయటికి పోలేని పరిస్థితి, ఇంట్లో నడవలేని పెద్దవాళ్ళు ఉంటే అది వేరే సంగతి. అప్పుడు డబ్బు మిగలకపోయినా కొనడం తప్పు కాదు. ఏ కారణంతో కొంటున్నారో తెలిసి కొనండి, అంతే.

5. ప్రింటర్ ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుందో చూడండి

ఇంక్‌జెట్‌లో ఇంకు కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. వాడకుండా వదిలేస్తే ఆ రంధ్రాల దగ్గర ఇంకు ఎండి పూడుకుపోతుంది. మన ఊరి మే నెల ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పిల్లలు సెలవులకు పోయి, ఇల్లు తాళం వేసి, నెల తర్వాత వచ్చి ప్రింట్ కొడితే అక్షరాల మధ్య తెల్ల గీతలు వస్తాయి. ఆ రంధ్రాలుండే భాగాన్నే హెడ్ అంటారు. అప్పుడు హెడ్ క్లీనింగ్ కొట్టాలి. దానికి ఇంకు పోతుంది. ఒకటి రెండు సార్లకు తెరుచుకోకపోతే సర్వీస్ ఖర్చు.

టోనర్ పొడి కాబట్టి ఎండే పనే లేదు. ఆరు నెలలు ముట్టకపోయినా లేజర్ మొదటి పేజీ శుభ్రంగా ఇస్తుంది. అందుకని రంగు అవసరం లేకుండా, అప్పుడప్పుడు ఒకేసారి ముప్పై నలభై పేజీలు తీసే ఇంటికి, అంటే లాయర్లు, ట్యూషన్ చెప్పేవాళ్ళు, పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ళు ఉండే ఇంటికి, నలుపు లేజరే సరి. దానికి ఒక జాగ్రత్త ఉంది. లేజర్ లోపల టోనర్‌ను కాగితం మీద కరిగించి అంటించే భాగం దాదాపు 200 డిగ్రీలకు వేడెక్కుతుంది. అందుకు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్‌కు, చిన్న యూపీఎస్‌కు దాన్ని తగిలించవద్దు, నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టండి. ఇంక్ ట్యాంక్ ప్రింట్ చేసేటప్పుడు కూడా ఒక చిన్న బల్బు అంత కరెంటే తీసుకుంటుంది, దానికి ఇన్వర్టర్ చాలు.

ఇంక్ ట్యాంక్ కొనేవాళ్ళు హెడ్ గురించి కూడా అడగాలి. కెనాన్ జీ సిరీస్‌లో, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్‌లో హెడ్ కాట్రిడ్జ్‌లా ఊడి వస్తుంది, పాడైతే విడిగా కొని మార్చుకోవచ్చు. ఎప్సన్, బ్రదర్ ట్యాంక్ ప్రింటర్లలో హెడ్ ప్రింటర్‌తోనే బిగించి ఉంటుంది. అది ఎక్కువ కాలం మన్నేలా చేసిందే, కానీ పూర్తిగా పూడుకుపోతే సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోవాల్సిందే. వారానికి రెండు మూడు సార్లు ప్రింట్ తీసే ఇంటికి రెండూ ఒకటే. నెలలో సగం రోజులు ఖాళీగా ఉంచే ఇంటికి నేనైతే హెడ్ ఊడి వచ్చేదే కొనమంటాను.

6. నలుపు ఇంకు తడికి నిలుస్తుందా అని చూడండి

ఇంకు రెండు రకాలు. డై ఇంకు నీళ్ళలో కరిగే రంగు, తడి తగిలితే అలుక్కుపోతుంది. పిగ్మెంట్ ఇంకు సన్నటి రేణువులు, కాగితం మీద కూర్చుని ఆరాక తడికి చాలావరకు నిలుస్తుంది. కెనాన్ జీ సిరీస్, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్, బ్రదర్ టీ సిరీస్‌లలో నలుపు పిగ్మెంట్, రంగులు డై. ఎప్సన్ ఎల్ 3210, ఎల్ 3250లలో నాలుగూ డై ఇంకులే. ఫోటోలు ఎక్కువ వేసేవాళ్ళకు డై ఇంకు బాగుంటుంది, రంగు నిగనిగలాడుతుంది.

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హాల్ టికెట్ పట్టుకుని వానలో ఆటో దిగే పిల్లలు, టికెట్ కాగితం జేబులో పెట్టుకుని కొండ మీద తడిసే చుట్టాలు మీ ఇంట్లో ఎక్కువైతే పిగ్మెంట్ నలుపు వైపు మొగ్గండి. అంగట్లో డెమో పేజీ తీయించి, ఒక నిమిషం ఆరనిచ్చి, తడి వేలితో అక్షరాల మీద రుద్దండి. పది సెకన్లలో తెలిసిపోతుంది.

7. మిగతా సౌకర్యాల్లో దేనికి డబ్బు పెట్టాలి

స్కానర్ ఉన్నదే తీసుకోండి. ఆధార్, రేషన్ కార్డు, మార్కుల జాబితా కాపీలు తీయడానికే ప్రింటర్ పనిలో సగం పోతుంది. వైఫై కోసం ఇంకో వెయ్యి రెండు వేలు ఎక్కువైనా పెట్టవచ్చు. ఇంట్లో ప్రింట్‌లన్నీ ఇప్పుడు ఫోన్ నుంచే వస్తాయి, కంప్యూటర్ తెరిచే ఓపిక ఎవరికీ లేదు. ఫ్యాక్స్ వద్దు. కాగితాలు వాటంతట అవే లాక్కుని స్కాన్ చేసే పై ట్రే ఇంటికి అవసరం పడదు.

రెండు వైపులా వాటంతట అవే ప్రింట్ అయ్యే సౌకర్యం చవక ట్యాంక్ మోడళ్ళలో సాధారణంగా ఉండదు. ఇంకు కంటే కాగితమే ఖరీదని ఇందాకే చూశాం కాబట్టి, నెలకు రెండు మూడు వందల పేజీలు తీసేవాళ్ళకు అది ఉన్న మోడల్ లాభమే. అంతకంటే తక్కువ తీసేవాళ్ళు బేసి పేజీలు ముందు, సరి పేజీలు తర్వాత వేసి చేత్తో తిప్పి పెట్టుకుంటే సరిపోతుంది.

వేస్ట్ ఇంకు సంగతి ఎవరూ చెప్పరు, మీరే అడగాలి. హెడ్ శుభ్రం చేసినప్పుడల్లా పోయే ఇంకు ప్రింటర్ అడుగున ఒక మెత్తటి ప్యాడ్‌లోకి ఇంకుతుంది. అది నిండిందని ప్రింటర్ లెక్క చూసుకుని, ఒకరోజు పని ఆపేసి సర్వీస్ అడుగుతుంది. కొన్ని మోడళ్ళలో ఆ ప్యాడ్ ఒక చిన్న పెట్టెలో ఉంటుంది, మనమే మార్చుకోవచ్చు. కెనాన్ జీ 2020, జీ 3020 అలాంటివే. చాలా ఏళ్ళు వాడాలనుకుంటే ఈ తేడా ముఖ్యం.

8. ఎక్కడ కొనాలి, ఏమడగాలి

మన దగ్గరివాళ్ళు చాలామంది చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే రిచ్చీ స్ట్రీట్‌కు పోయి తెచ్చుకుంటారు. ఐదారు వందలు తగ్గవచ్చు. ప్రింటర్ విషయంలో నేను ఊళ్ళో కొనడమే మంచిదంటాను. ఇంకు పోసిన ట్యాంక్ ప్రింటర్‌ను రిపేరుకు బస్సులో చెన్నై దాకా మోసుకుపోలేం. ఆన్‌లైన్‌లో కొన్నా ఫరవాలేదు. అయితే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ తిరుపతిలో ఉందా, చిత్తూరులో ఉందా, ఇంటికి వచ్చి చూస్తారా, మనమే తీసుకుపోవాలా అన్నది టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, మీ పిన్‌కోడ్ చెప్పి కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

అంగట్లో ఇలా మొదలుపెట్టండి: "అన్నా, ఈ మోడల్‌కు నలుపు సీసా, రంగు సీసాలు ఇప్పుడు మీ దగ్గర స్టాక్ ఉన్నాయా? ఒకసారి చూపించండి." చూపిస్తే పెట్టె మీద ధర, పేజీల సంఖ్య ఫోటో తీసుకోండి. "తెప్పిస్తామమ్మా, రెండు రోజుల్లో వస్తుంది" అంటే ఇంకో అంగట్లో కూడా అడగండి. ఊళ్ళో కనీసం రెండు చోట్ల ఇంకు దొరకని ప్రింటర్ ఎంత మంచిదైనా వద్దు.

తర్వాత వారంటీ. కొన్ని ట్యాంక్ ప్రింటర్లకు ఏడాది లేదా ఇన్ని వేల పేజీలు, ఏది ముందైతే అది అని ఉంటుంది. పేజీల హద్దు ఉందేమో చదివి చూడండి. హెడ్ వారంటీలోకి వస్తుందో రాదో విడిగా అడగండి. జీఎస్టీ బిల్లు, దాని మీద ప్రింటర్ సీరియల్ నంబరు లేకుండా బయటికి రావద్దు.

9. ఇంటికి తెచ్చిన రోజు

కిటికీ పక్కన, ఎండ పడే చోట పెట్టవద్దు. బల్ల సమంగా ఉండాలి. లోపల కాషాయం, నీలం రంగుల్లో అంటించిన టేపులన్నీ తీశారా అని రెండుసార్లు చూడండి. సీసా మీది రంగు, తొట్టి మీది రంగు కలిశాకే పోయండి. నలుపులో పసుపు పడిందా, ఆ తొట్టి కడిగించడానికి సర్వీస్‌కు పోవాల్సిందే. ఈ పని పిల్లలతో కలిసి చేయకండి, వాళ్ళు పడుకున్నాక చేయండి. మొదటిసారి ఇంకు పైపుల్లోకి ఎక్కడానికి పది ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ప్లగ్ తీయవద్దు, కరెంటు పోయే వేళ పెట్టుకోవద్దు.

ఇంకు పోశాక ప్రింటర్‌ను పక్కకు వంచి, తలకిందులు చేసి మోయకూడదు. ఇల్లు మారేటప్పుడు ఆటోలో ఒళ్ళో సమంగా పెట్టుకుని తీసుకుపోవాలి.

10. ఇంకు మిగలాలంటే వాడకంలో పాటించాల్సినవి

ప్రింటర్‌ను ఎప్పుడూ దాని మీదున్న బటన్‌తోనే ఆపండి. బటన్ నొక్కినప్పుడు హెడ్ ఒక మూలకు పోయి రబ్బరు మూత కింద కూర్చుంటుంది, ఇంకు ఎండదు. గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ ఎక్కడుంటే అక్కడే మూత లేకుండా ఆగిపోవచ్చు. మా మొదటి ప్రింటర్‌ను ఏడాది పాటు గోడ స్విచ్‌తోనే ఆపాం. నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు గట్టిగా చెప్తున్నాను. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఒకసారి ఆన్ చేసి, బటన్‌తో ఆపండి.

వారానికి ఒక్క రంగు పేజీ తీయండి. నాలుగు రంగులూ పడే చిన్న బొమ్మ చాలు. మేం శుక్రవారం అని పెట్టుకున్నాం. ఆ వారం పిల్లల పని లేకపోతే హెడ్ రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో గీతలతో చూపే నాజిల్ చెక్ పేజీ కొడతాం, అది చాలా తక్కువ ఇంకు తీసుకుంటుంది. గీతలన్నీ తెగకుండా వచ్చాయంటే హెడ్ క్లీనింగ్ కొట్టే పనే లేదు. ఊరకే క్లీనింగ్ కొట్టడం ఇంకును కాలువలో పోయడమే.

దరఖాస్తులు, నోట్స్ డ్రాఫ్ట్‌లో, అంటే తక్కువ ఇంకుతో వేసే సెట్టింగ్‌లో తీయండి. నలుపు పేజీకి సెట్టింగ్‌లో నలుపు మాత్రమే అని ఎంచుకోండి. కొన్ని ప్రింటర్లు బూడిద రంగు వేయడానికి రంగు ఇంకులు కూడా కలుపుతాయి.

తొట్టిలో కింది గీత కంటే ఇంకు దిగనివ్వద్దు. పైపుల్లోకి గాలి పోతే దాన్ని వెళ్ళగొట్టడానికే బోలెడు ఇంకు ఖర్చవుతుంది. చవకగా దొరికే లీటరు డబ్బాల ఇంకు నేను పోయను. అసలు సీసాతోనే పేజీ పది ఇరవై పైసలు పడుతుంటే, ఇంకో ఐదు పైసల కోసం హెడ్‌ను పణంగా పెట్టడం నాకు నచ్చదు. అసలు సీసాలే కొనేటప్పుడు కూడా మూత సీలు, పెట్టె మీది తేదీ చూసి, బిల్లుతో తీసుకోండి.

వానాకాలంలో రీమ్ విప్పి వదిలేయవద్దు. గాలిలో తేమ పీల్చి కాగితం వంకర తిరుగుతుంది, రెండు మూడు కాగితాలు కలిసి లోపలికి పోయి ఇరుక్కుంటాయి. కావలసినంత తీసి, మిగతాది కవర్లో చుట్టి బీరువాలో పెట్టండి. మామూలు పనికి 70 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) చాలు. రెండు వైపులా రంగు వేయాలంటే 75 మంచిది, వెనకకు కాస్త తక్కువ కనిపిస్తుంది.

ఇంకు పోసిన ప్రతిసారీ ఒక చిన్న చీటీ మీద రంగు, తేదీ, అప్పటిదాకా ప్రింటర్ వేసిన మొత్తం పేజీలు రాసి మూత లోపల అంటించండి. మొత్తం పేజీల సంఖ్య చాలా మోడళ్ళలో సెట్టింగ్‌ల పేజీ ప్రింట్ తీస్తేనో, కంప్యూటర్‌లో ప్రింటర్ వివరాలు తెరిస్తేనో కనిపిస్తుంది. మా దాంట్లో రెండో నలుపు సీసా పోసినప్పుడు 1,140 ఉంది, మూడోది పోసినప్పుడు 3,420. అంటే ఆ సీసా కాలంలో మా ఇంట్లో నలుపు, రంగు కలిపి 2,280 పేజీలు వచ్చాయి. 450 రూపాయలను 2,280తో భాగిస్తే నలుపుకు ఇరవై పైసలు తేలింది.